రక్తం మందుకు అలవాటు పడదు

"రోజూ ఏసుకుంటే గోలీకి రక్తం అలవాటు పడ్తది. నడుమ నడుమ పది దినాలు ఇడిసిపెడ్తే మళ్ల ఎక్కుతది."

కంగ్టి ఊళ్ళో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నారాయణఖేడ్ పోయే బస్సులో విన్నాను, మందుల దుకాణం ముందు విన్నాను, పేషెంటును పలకరించడానికి వచ్చిన చుట్టాల నోట విన్నాను. చదువుకున్నవాళ్ళు ఇదే మాటను "రెసిస్టెన్స్ వచ్చింది" అని అంటారు. పదం మారుతుంది కానీ తీర్పు మారదు. బ్లడ్ క్యాన్సర్ మందు పనిచేయకపోతే తప్పు రక్తానిదే అన్నది ఆ తీర్పు. ఈ తీర్పు తప్పు. దీనివల్ల మనుషుల ప్రాణాలు పోతున్నాయి కాబట్టి ఊరుకోవడం కూడా తప్పే.

ఖండించే ముందు ఈ అభిప్రాయానికి దన్నుగా నిలిచే అనుభవాలను ఒప్పుకోవాలి. మొదట్లో ఒక సీసా కల్లుతో తూలినవాడికి కొన్నేళ్ళకు మూడు సీసాలు తాగినా ఎక్కదు. ఒకప్పుడు పత్తి చేనులో పురుగును చంపిన మందు ఇప్పుడు చంపడం లేదు. డాక్టర్లు కూడా ఒక గోలీ పనిచేయకపోతే ఇంకో గోలీ రాస్తున్నారు. వైద్య చరిత్రలో కూడా దీనికి సాక్ష్యం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తన బృందంతో తయారుచేయించిన అమినాప్టెరిన్‌ను బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. ఆ తగ్గుదల కొన్ని నెలలే నిలిచింది. జబ్బు తిరిగి వచ్చాక మందు పనిచేయలేదు. అంటే మందుకు లొంగని క్యాన్సర్ ఉందన్నది కట్టుకథ కాదు, మొదటి రోజు నుంచీ మన కళ్ళ ముందున్న నిజం.

ఆ నిజం మీద ఊరు కట్టుకున్న కథే తప్పు. అందులో నాలుగు వాదాలు కలిసిపోయాయి. అలవాటు పడేది రక్తం అని ఒకటి. విరామం ఇస్తే మందుకు పదును వస్తుందని రెండోది. చవక గోలీ కాబట్టి పస లేదని మూడోది. రక్తకణాల మీద మందును తోడేసే పంపులుంటాయట, వాటిని కొలిస్తే అంతా తేలిపోతుందని నాలుగోది. ఇది చదువుకున్నవాళ్ళ వాదం. ఒక్కొక్కటే తీసుకుందాం.

1. అలవాటు పడడానికి ఎర్ర కణం దగ్గర ఏముంది?

రక్తం అనగానే మనకు కనిపించే ఎరుపు ఎర్ర కణాలదే. ఆవగింజంత చుక్కలో కూడా అవి లక్షల్లో ఉంటాయి. ఎముక మూలుగలో తయారయ్యే ఈ కణం రక్తంలోకి రాకముందే తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. రక్తంలోకి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో ప్రొటీన్లు తయారుచేసే సరంజామాను కూడా పోగొట్టుకుంటుంది. ఆ తరువాత సుమారు 120 రోజులు బతుకుతుంది. పుట్టినప్పుడు పొర మీద ఏ ప్రొటీన్లు ఉన్నాయో, వాటితోనే వెళ్ళదీస్తుంది. కొత్తగా ఒక్కటి కూడా చేసుకోలేదు.

అలవాటు పడాలంటే మారాలి. కణం మారాలంటే జన్యువుల నుంచి కొత్త ఆజ్ఞ రావాలి, ఆ ఆజ్ఞ ప్రకారం కొత్త ప్రొటీను తయారు కావాలి. ఎర్ర కణంలో ఆజ్ఞ ఇచ్చే కేంద్రకం లేదు, అమలు చేసే యంత్రాంగం లేదు. పైగా సంక్రాంతికి ఒంట్లో ఉన్న ఎర్ర కణాల్లో వైశాఖం వెళ్ళేసరికి దాదాపు ఒక్కటి కూడా మిగలదు. నాలుగు నెలలకు రక్తమే మారిపోతుంటే, నాలుగేళ్ళుగా అలవాటు పడుతూ వస్తున్నది ఎవరు?

జబ్బు ఉన్న చోటు వేరు. మన దగ్గర ఏళ్ళ తరబడి గోలీ మింగుతూ బతికే బ్లడ్ క్యాన్సర్ రోగుల్లో చాలామందిది క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, వాడుకలో సీఎంఎల్. మూలుగలోని ఒక మూలకణంలో 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క తారుమారు కావడంతో ఇది మొదలవుతుంది. పొట్టిగా మారిన ఆ 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ చూశారు. అది రెండు ముక్కల మార్పిడి అని 1973లో జానెట్ రౌలీ తేల్చింది. ఆ మార్పిడిలో పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీను ఆగకుండా "పెరుగు, పెరుగు" అని కణాన్ని తరుముతుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ గోలీ సరిగ్గా ఆ ప్రొటీను గూటిలో కూర్చుని దాని పని ఆపుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు. సీఎంఎల్‌లో ఎర్ర కణాలు కూడా ఆ జబ్బు మూలకణం సంతానమే కదా అని అడగవచ్చు. నిజమే, జీ6పీడీ అనే ఎంజైము రకాలను ఆధారం చేసుకుని ఫియాల్కో బృందం 1967లోనే ఆ సంగతి చూపించింది. తల్లి ఒకటే అయినా, కేంద్రకం పోగొట్టుకున్న ఈ బిడ్డకు మందుతో పోరాడే శక్తి లేదు, తన సంతతిని పెంచే శక్తి అంతకన్నా లేదు. తేడా వచ్చేది మూలుగలో, కేంద్రకం ఉండి విభజన చెందే కణాల్లో. అది తెలియక రక్తం మీద నింద వేస్తున్నాం.

2. పంపులు ఉన్నాయి, కానీ అవి నేర్చుకున్న విద్య కాదు

కణం మందును బయటికి తోడేస్తుందన్న మాట గాలి కబురు కాదు. 1976లో టొరంటోలో జూలియానో, విక్టర్ లింగ్ అనే శాస్త్రవేత్తలు కోల్చిసిన్ అనే విషానికి లొంగని చిట్టెలుక కణాల పొర మీద ఒక పెద్ద ప్రొటీనును కనిపెట్టారు. దాని పేరు పీ-గ్లైకోప్రోటీన్. మడిలో నిలిచిన నీళ్ళను ఇంజను పెట్టి గట్టు అవతలికి తోడేసినట్టు, ఇది కణంలోకి చొరబడిన మందును శక్తి ఖర్చుపెట్టి మరీ బయటికి గెంటుతుంది. 1998లో రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఇలాంటిదే ఇంకొకటి దొరికింది. దాన్ని ఇప్పుడు ఏబీసీజీ2 అంటున్నారు. ఇమాటినిబ్‌ను ఈ రెండూ తోడగలవు.

ఈ ఏబీసీజీ2 ఎర్ర కణాల పొర మీద కూడా ఉంది. అది అక్కడికి ఎలా వచ్చింది? మందు తినీ తినీ వచ్చిందా? 2012లో వెలువడిన పరిశోధనలు దీనికి తిరుగులేని జవాబు చెప్పాయి. ఏ, బీ, ఓ లాగే 'జూనియర్' అని ఒక రక్త వర్గం ఉంది. దాని గుర్తు ఉండేది ఏబీసీజీ2 మీదేనని అప్పుడు తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన జన్యువే అందినవాళ్ళ ఎర్ర కణాల మీద ఈ పంపు అసలు ఉండదు. అయినా వాళ్ళు ఆరోగ్యంగానే ఉంటారు. రక్తం ఎక్కించవలసి వచ్చినప్పుడో, కాన్పు సమయంలోనో తప్ప ఆ సంగతి బయటపడదు. క్యాన్సర్ మందులను తోడే పంపుగా పేరుబడ్డ ప్రొటీను ఒక రక్త వర్గమై కూర్చుందంటే అర్థం ఏమిటి? అది పుట్టుకతో వచ్చిన ఆస్తి. ముక్కు తీరు, ఒంటి రంగు ఎలా వచ్చాయో అలాగే వచ్చింది. ఒక్క గోలీ కూడా మింగని పసిపాప రక్తంలో కూడా అది ఉంటుంది.

ఈ పంపులు పేగుల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో, మెదడుకు కాపలా కాసే రక్తనాళాల్లో కూడా ఉన్నాయి. తిండితో పాటు వచ్చే విషాలను తోసేయడం వాటి నిత్యకృత్యం. అందుకే వాటిని ఆపి క్యాన్సర్‌ను గెలుద్దామనుకున్న వైద్యులకు ఎదురుదెబ్బ తగిలింది. 60 ఏళ్ళు దాటిన తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా రోగులు 449 మంది మీద జోసుకిడార్ అనే పంపు నిరోధకాన్ని పరీక్షించి 2010లో ఫలితం ప్రచురించారు. అది ఇచ్చినవాళ్ళు ఇవ్వనివాళ్ళ కంటే ఎక్కువ కాలం బతకలేదు. పంపే అసలు దొంగ అయితే, దొంగ చేతులు కట్టేశాక దొంగతనం ఆగాలి కదా? ఆగలేదు. పంపు ఒక కారణం మాత్రమే. ఆ ఒక్కదాన్ని పట్టుకుని మొత్తం జబ్బును వివరించేవాళ్ళు ఈ ఫలితానికి జవాబు చెప్పాలి.

3. విరామంతో మందుకు పదును రాదు, పురుగుకు బలం వస్తుంది

పత్తి రైతుకు ఈ సంగతి నేను చెప్పనక్కర లేదు. గులాబీ రంగు పురుగు మందుకు ఎలా లొంగకుండా పోయింది? ఏ ఒక్క పురుగూ మందు తాగి తాగి అలవాటు పడలేదు. కోట్ల పురుగుల్లో పుట్టుకతోనే తట్టుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మిగతావి చచ్చాయి, అవి మిగిలాయి, వాటి పిల్లలే చేను నిండాయి. సగం మోతాదు కొట్టి వదిలేసిన చేనులో ఏమవుతుందో కూడా రైతుకు తెలుసు. చేను విషయంలో ఇంత బాగా తెలిసిన మనిషి, ఒంటి విషయానికి వచ్చేసరికి సగం మందు కొట్టి వదిలేయమంటున్నాడు.

మూలుగలో జరిగేది కూడా ఇదే. 2001లో అమెరికాలో సాయర్స్ బృందం ఇమాటినిబ్‌కు లొంగని రోగుల కణాలను విప్పి చూసింది. కొందరిలో బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీనులో 315వ స్థానంలో ఒక్క అక్షరం మారి ఉంది. గోలీ కూర్చునే గూడు ఆకారం చెడిపోయింది, గోలీ పట్టడం లేదు. ఈ మార్పు కణం విభజన చెందేటప్పుడు జరిగే తప్పు. కణాలు ఎన్నిసార్లు విభజన చెందితే అన్నిసార్లు ఈ తప్పుకు అవకాశం. ఇమాటినిబ్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 18 గంటలు పడుతుంది. నాలుగైదు రోజులు మానేస్తే ఒంట్లో మందు ఇంచుమించు ఖాళీ. మీరు 'విశ్రాంతి' అనుకున్న ఆ పది రోజులూ జబ్బు కణాలకు అడ్డూ ఆపూ లేని కాలం. ఆ పది రోజుల్లో పదును పెరిగేది మందుకు కాదు.

"డాక్టర్లే కొందరికి గోలీ ఆపుతున్నారు కదా" అనేవాళ్ళున్నారు. అవును, ఆపుతున్నారు. ఎవరికి ఆపుతున్నారో చూడాలి. ఫ్రాన్స్‌లో జరిగిన ప్రసిద్ధమైన పరీక్షలో, కనీసం రెండేళ్ళ పాటు అతి సూక్ష్మమైన పరీక్షకు కూడా జబ్బు జాడ దొరకని 100 మందిని ఎంచుకుని గోలీ ఆపారు. ఆ తరువాత క్రమం తప్పకుండా రక్తం పరీక్షిస్తూ కాపలా కాశారు. 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అంత కట్టుదిట్టంగా ఎంచుకున్నా పదిమందిలో సుమారు ఆరుగురికి జబ్బు తిరిగివచ్చింది, ఎక్కువమందికి ఆరు నెలల లోపే. వెంటనే పట్టుకోగలిగారు కాబట్టి గోలీ మళ్ళీ మొదలుపెట్టి అదుపు చేశారు. రెండేళ్ళు జాడ లేనివాడికి పరీక్షల కాపలాలో ఆపడం ఒక సంగతి. జబ్బు ఇంకా ఒంట్లో ఉన్నవాడు, పరీక్ష చేయించుకునే దారి 100 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నవాడు, పక్కింటివాడి మాట విని ఆపడం వేరే సంగతి. మొదటిది వైద్యం. రెండోదాన్ని వైద్యం పేరుతో పిలవడానికి నాకు నోరు రాదు.

4. గుడ్డ సంచిలో మిగిలిన గోలీలు

దీపావళికి మా మేనమామ ఇంటికి వెళ్ళాను. ఆయనకు సీఎంఎల్ వచ్చి నాలుగేళ్ళు. మందులన్నీ దూలానికి వేలాడగట్టిన గుడ్డ సంచిలో ఉంటాయి. అంతకు మూడు నెలల ముందు హైదరాబాదు నుంచి తెచ్చినవి 90 గోలీలు. లెక్క ప్రకారం ఆ రోజుకు ఒక్కటి కూడా మిగలకూడదు. సంచి దింపి చూశాను. వెండిరంగు రేకు పగలని గోలీలు పందొమ్మిది ఉన్నాయి. ఒక పట్టీ మొత్తం అలాగే ఉంది, ఇంకో పట్టీలో ఒక్కటే చిరిగింది.

"ఇవెందుకు మిగిలినయ్ మామా?" అని అడిగాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఏసుకుంటే కడుపుల తిప్పుతది అల్లుడా, పిక్కలు గుంజుతయ్. చేన్ల పత్తి ఏరే కూలోళ్ల ముందట కక్కుకుంట కూసుంటనా? అందుకే పత్తి ఏరే దినాలు నాగ పెట్టిన. రక్తం సుత అలవాటు పడకుంట ఉంటదన్నరు గద" అన్నాడు.

ఆయన మాట వరుసను గమనించండి. మొదట వచ్చింది వాంతి, తరువాత పిక్కల నొప్పి, ఆ తరువాత కూలీల ముందు సిగ్గు. ఇవి అసలు కారణాలు. రక్తం అలవాటు చివర్లో వచ్చింది, చేసిన పనికి ఊరు ఇచ్చిన సమర్థింపుగా. అలవాటు సిద్ధాంతం చేసే హాని ఇదే. గోలీ మానేసినవాడికి మానేశానన్న బెంగ లేకుండా చేస్తుంది. మానేయడమే తెలివి అని భుజం తడుతుంది.

90లో 71 మింగాడు, అంటే 79 శాతం. ఈ అంకె ఎంత భయంకరమైనదో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి 2010లో ప్రచురించిన పరిశోధన చెబుతుంది. ఇమాటినిబ్ వాడుతున్న 87 మంది సీసాల మూతల్లో చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు పెట్టి, ఏ రోజు మూత తెరిచారో నమోదు చేశారు. 90 శాతానికి మించి గోలీలు వేసుకున్నవాళ్ళలో నూటికి 94 మందికి పైగా జబ్బు లోతుగా అణిగింది. 90 శాతం లేదా అంతకు తక్కువ వేసుకున్నవాళ్ళలో అది నూటికి 28 మందికే సాధ్యమైంది. 80 శాతం లేదా అంతకు తక్కువ వేసుకున్నవాళ్ళలో ఒక్కరికి కూడా కాలేదు. ఒక్కరికి కూడా. అంతకు ముందు ఏడాది బెల్జియంలో 169 మందిని పరిశీలిస్తే, రాసిన గోలీలన్నీ తు.చ. తప్పకుండా మింగినవాళ్ళు నూటికి 14 మందే. కాబట్టి ఇది కంగ్టి రైతు బద్ధకమో, చదువు లేకపోవడమో అని ఎవరూ ముఖం చిట్లించనక్కర లేదు. చదువూ డబ్బూ ఉన్న దేశాల్లో కూడా మనిషి మనిషే. తేడా ఏమిటంటే, అక్కడ మిగిలిన గోలీలను లెక్కపెట్టారు. ఇక్కడ రక్తాన్ని తప్పుబట్టి సంచిని మళ్ళీ దూలానికి కట్టేస్తున్నాం.

మామ కష్టానికి మందు లేదా అంటే ఉంది. ఇమాటినిబ్‌ను ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. కడుపునిండా తిని, పెద్ద లోటా నీళ్ళతో వేసుకోవాలి. పొద్దున టీ నీళ్ళతో మింగి చేనుకు పోతే కడుపు తిప్పక ఏం చేస్తుంది? డాక్టరుకు చెప్పి రాత్రి జొన్నరొట్టె తిన్నాక వేసుకునేట్టు మార్చుకోవచ్చు. పిక్కల నొప్పికి, కళ్ళ కింద వాపుకు, వాంతికి వేరే ఉపాయాలున్నాయి. తట్టుకోలేకపోతే మోతాదో మందో మార్చే అవకాశం ఉంది. ఇదంతా ఎప్పుడు సాధ్యం? "నాగ పెట్టిన" అని రోగి భయం లేకుండా చెప్పగలిగినప్పుడు, వైద్యుడు కసరకుండా వినగలిగినప్పుడు.

5. "చవక గోలీ" అనే నింద

ఉచితంగానో తక్కువ ధరకో దొరికే దేశీ గోలీలో పస ఉండదని, అందుకే రక్తానికి త్వరగా అలవాటవుతుందని ఇంకో మాట. చరిత్ర తెలిస్తే తెలుగువాళ్ళు ఈ మాట అనరు. ఇమాటినిబ్‌ను స్విట్జర్లాండు కంపెనీ నోవార్టిస్ అమ్మినప్పుడు నెల మందు ఖరీదు సుమారు 1,20,000 రూపాయలు. హైదరాబాద్‌లోని నాట్కో 2003లో అదే మందును ఆ ధరలో పదో వంతు కంటే తక్కువకే తెచ్చింది. పేటెంటు కోసం జరిగిన సుదీర్ఘ పోరాటంలో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ వాదనను తోసిపుచ్చింది. కోర్టులో తగాదా మందు గుణం మీద కాదు. అందులోని స్ఫటికం ఒక ప్రత్యేక రూపంలో ఉండడం కొత్త ఆవిష్కరణ అవుతుందా లేదా అన్న దాని మీద. పటికబెల్లం ముక్కయినా చక్కెర పలుకయినా నీళ్ళలో కరిగాక ఒక్కటే. కడుపులో కరిగాక స్ఫటికం ఏ రూపంలో ఉండేదన్న ప్రశ్నే లేదు, మిగిలేది ఇమాటినిబ్ అణువే.

నాణ్యతను ప్రతి బ్యాచ్‌లో పరీక్షించాలి, నాసిరకం దొరికితే కఠినంగా శిక్షించాలి. దాని మీద ఎవరికీ రెండో మాట ఉండకూడదు. కానీ ధర చూసి గుణం తేల్చేవాడు పరీక్ష చేయడం లేదు, పుకారు పుట్టిస్తున్నాడు. లక్షా ఇరవై వేల గోలీని కూడా దూలానికి కట్టేస్తే పనిచేయదు.

6. అసలు తోడే పంపును మనమే నడిపిస్తున్నాం

పంపుల మాట ఎత్తేవాళ్ళు ఎప్పుడూ ఎత్తని సంగతి ఒకటుంది. మన దగ్గర క్షయ ఇంకా పోలేదు. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను రెచ్చగొడుతుంది, పేగుల్లో పీ-గ్లైకోప్రోటీన్ పంపులను పెంచుతుంది. ఇమాటినిబ్‌తో పాటు రిఫాంపిసిన్ ఇచ్చి చూస్తే ఒంటికి అందే ఇమాటినిబ్ 74 శాతం పడిపోయింది. నాలుగు గోలీలు మింగితే ఒక్కటి అందినట్టు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా ఇదే దారి పట్టిస్తాయి. పసర్లు, చూర్ణాలు హాని చేయవని కూడా అనుకోవద్దు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే ఒక విదేశీ మూలిక ఇమాటినిబ్‌ను సుమారు 30 శాతం తగ్గిస్తుందని 2004లో తేలింది. ఏ చెట్టు మందులో ఏముందో తెలియకుండా గోలీతో కలిపి మింగడం చీకట్లో బావి దాటడమే.

దీని అర్థం క్షయ మందు మానేయమని కాదు. అది మానేస్తే క్షయే చంపుతుంది. క్షయ డాక్టరుకు క్యాన్సర్ గోలీ సంగతి, క్యాన్సర్ డాక్టరుకు క్షయ గోలీ సంగతి చెప్పాలి. మోతాదులు, మందులు మార్చుకోవడం వాళ్ళ పని. రెండు చీటీలు రెండు సంచుల్లో ఉండి, రెండు ఆసుపత్రులు ఒకదానికొకటి తెలియనప్పుడు, ఒక మనిషి ఒంట్లో రెండు మందులు కొట్టుకుంటాయి. బయట మనం మాత్రం "రక్తం అలవాటు పడింది" అంటాం.

7. "పంపులు కొలిస్తే తేలిపోతుంది"

చదువుకున్నవాళ్ళ వాదం ఇది. దీనికీ ఒక పునాది ఉంది. బుడాపెస్ట్ శాస్త్రవేత్తలు 2012లో ఎర్ర కణాల పొర మీద ఏబీసీజీ2 ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రచురించారు. వంశంలో వచ్చే ఒక జన్యు మార్పు ఉన్నవాళ్ళలో అది తక్కువగా ఉంటుందని చూపించారు. ఒక్క రక్తపు చుక్కతో ఇంత తెలియడం గొప్ప సంగతే. కానీ దాని నుంచి "నా క్యాన్సర్‌కు ఏ గోలీ పనిచేస్తుందో ఈ పరీక్ష చెబుతుంది" అన్న చోటికి దూకడానికి మధ్యలో పెద్ద అగాధమే ఉంది.

ఎర్ర కణం మీద పంపు ఎంతుందో తెలిస్తే మనిషి వంశం గురించి తెలుస్తుంది. మూలుగలో దాక్కున్న జబ్బు మూలకణం మీద ఎంతుందో తెలియదు. అది ఒకటో లోపం. ఎర్ర కణం గత నాలుగు నెలల్లో ఎప్పుడో తయారైంది, కాబట్టి అది చూపించేది పాత బొమ్మ. ఇది రెండో లోపం. బ్లడ్ క్యాన్సర్ రోగులకు తరచూ రక్తం ఎక్కిస్తారు. అప్పుడు కొలిచేది రోగి పంపునా, దాత పంపునా? ఎర్ర కణాల్లో టీపీఎంటీ అనే ఎంజైమును కొలిచే పరీక్షలో రక్తం ఎక్కించాక ఫలితం దారితప్పుతుందని వైద్యులకు తెలిసిందే. ఇది మూడో లోపం. మింగని గోలీని ఏ పంపూ తోడలేదు. ఇది నాలుగోది, అన్నిటికన్నా పెద్దది.

ఎర్ర కణం పనికిరాదని నేను అనడం లేదు. దాని అసలు విలువ వేరే చోట ఉంది. చిన్నపిల్లల తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో మెర్కాప్టోప్యూరిన్ గోలీని ఇంటి దగ్గర రోజూ, ఏళ్ళ పాటు ఇవ్వాలి. ఆ మందు మారి తయారయ్యే పదార్థం ఎర్ర కణాల్లో పేరుకుంటుంది. ఆ పదార్థం తక్కువగా ఉన్న పిల్లలకు జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువని ఇంగ్లండులో లెనార్డ్, లిల్లీమన్ 1989లో చూపించారు. ఒంట్లో మందు మారే తీరు పిల్లవాడికీ పిల్లవాడికీ వేరు. గోలీ కడుపులోకే పోకపోతే ఇక పేరుకునేది ఏముంటుంది? సుబ్బారావు అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ కూడా మూలుగలో తయారవుతున్న ఎర్ర కణాల్లోకి చేరి, వాటితో పాటే రక్తంలోకి వచ్చి వారాల తరబడి నిలిచి ఉంటుంది. అంటే ఎర్ర కణం ఒక సాక్షి. అందిన మందును దాచుకుని చూపిస్తుంది. ఆ సాక్షినే ముద్దాయిని చేసి, "నువ్వు అలవాటు పడ్డావు" అని మనం శిక్ష వేశాం.

8. ఈ మాట ఎవరిని కాపాడుతోంది?

ఒక తప్పు అభిప్రాయం ఇంతకాలం నిలిచిందంటే అది ఎవరికో ఒకరికి అక్కరకు వస్తోంది. "రక్తం అలవాటు పడింది" అన్న మాట అందరినీ నిర్దోషులను చేస్తుంది. గోలీ మానేసిన రోగికి సంజాయిషీ దొరుకుతుంది. మానేయమని సలహా ఇచ్చిన చుట్టానికి బాధ్యత ఉండదు. మూడు నిమిషాల్లో చీటీ రాసి పంపిన వైద్యుడు "ఎన్ని మింగావు?" అని అడగనక్కర లేదు. కంగ్టి నుంచి హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రికో, ఎంఎన్‌జే ఆసుపత్రికో పోయి రావడానికి ఒక రోజు కూలీ, బస్సు కిరాయి, తోడు వచ్చినవాడి కూలీ కూడా పోతున్న సంగతి ప్రభుత్వం పట్టించుకోనక్కర లేదు. దసరా దాటాక తండాల నుంచి చెరకు కొట్టడానికి తరలిపోయే కుటుంబాల్లో ఒక రోగి ఉంటే, ఉగాది దాకా ఆ మనిషికి గోలీ ఎవరు ఇస్తారని ఎవరూ అడగనక్కర లేదు. రక్తం ఒక్కటే నేరస్థురాలు. దానికి నోరు లేదు.

కాబట్టి నా మాట సూటిగా చెబుతాను. సీఎంఎల్ గోలీ పనిచేయడం లేదని అనుమానం వస్తే వరుసగా మూడు పనులు జరగాలి. మొదట గోలీలు లెక్కపెట్టాలి. రెండోది, వేరే ఏ మందులు వాడుతున్నారో అడగాలి. మూడోది, బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష చేయించి, అవసరమైతే జన్యు మార్పు చూడాలి. 315వ స్థానంలో మార్పు ఉన్నవాళ్ళ కోసం కూడా 2012 నుంచి పొనాటినిబ్ ఉంది. ఈ మూడూ అయ్యేదాకా "రెసిస్టెన్స్" అన్న పదం ఎవరి నోటా రాకూడదు, వైద్యుడి నోటా రాకూడదు.

ప్రభుత్వం చేయవలసిందీ పెద్దదేమీ కాదు. కంగ్టి సర్కారు దవాఖానలోనే రక్తం తీసుకుని హైదరాబాదుకు పంపే ఏర్పాటు కావాలి. స్థిరంగా ఉన్న రోగికి మూడు నెలల మందు ఇంటి దగ్గర అందాలి. వలస పోయే కుటుంబానికి ఆ కాలానికి సరిపడా మందు ముందే చేతికివ్వాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు క్షయ గోలీలు లెక్కపెట్టడం తెలుసు. క్యాన్సర్ గోలీలు లెక్కపెట్టడానికి అంతకన్నా కొత్త విద్య అక్కర లేదు.

ఇక ఊరివాళ్ళకు, చుట్టాలకు, ముఖ్యంగా పలకరింపుకు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. "రక్తం అలవాటు పడ్తది, ఇడిసిపెట్టు" అనే సలహా ఇక ఆపండి. రోగి పక్కన కూర్చుని మంచిచెడ్డలు అడిగాక ఒకటే ప్రశ్న అడగండి: "సంచిలో ఇంక ఎన్ని గోలీలు మిగిలినయ్?" మిగిలినవి ఉంటే కసరకండి. ఎందుకు మిగిలాయో చెప్పనివ్వండి.